నిప్పు కాపలా

మా మేస్త్రీ డెక్లన్ వ్యాను గేటు దాటి వెళ్ళిపోయింది, ఇక ఈ డాబా మీద గంటసేపు నేను ఒక్కణ్ణే. పని అయిపోయాక కూడా పని మిగలడం ఈ వృత్తిలోనే చూశాను. కప్పు మీద పరిచే తారు గుడ్డ, ఫెల్ట్ అంటారు, దాని చుట్ట విప్పుకుంటూ, దాని అడుగున మంట పెట్టి, తారు కరిగించి పాత కప్పుకి అతికించేశాక గ్యాసు మంట టార్చ్ ఆర్పేస్తాం, గ్యాస్ బండ కట్టేస్తాం, కానీ ఇంటికి పోకూడదు. ఒక మనిషి పైనే ఉండి కాపలా కాయాలి, దొంగలకి కాదు, నిప్పుకి. కళ్ళెదుట భగ్గున మండే నిప్పు మర్యాదస్తురాలు, చెక్క సందులోకి దూరి, ఎండిన పొట్టు పలకల్లో చప్పుడు లేకుండా కూర్చుని, మనం చేతులు కడుక్కుని టీ తాగే వేళకి లేచేదే అసలుది. నివురుగప్పిన నిప్పు అని పెద్దలు ఊరికే అనలేదు. "యు గ్రాండ్ ఫర్ ది అవర్, జే?" అన్నాడు డెక్లన్ నిచ్చెన దిగుతూ. గ్రాండ్ అన్నాను, బాగానే ఉన్నానని. ఈ ఐర్లాండులో పాడె మీద ఉన్నవాణ్ణి అడిగినా గ్రాండ్ అనే అంటాడు, నాకూ ఆ రోగం అంటుకుంది. ఈ గంటలో ఎప్పుడైనా ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుందనీ, నా భార్య గొంతులో గొట్టం వేసే ముందు ఒక్కసారి చూపిస్తామన్నారనీ అతనికి చెప్పలేదు. చెబితే నన్ను పంపించి తనే కూర్చునేవాడు, మంచివాడు. కానీ నేను పోయి ఎక్కడ కూర్చోవాలి.

ఫోన్ జేబులో పెట్టుకుంటే మోత వినపడదేమోనని చేతిలో పట్టుకున్నాను, చేతిలో ఉంటే ఈ చలికి చార్జింగ్ పడిపోతుందేమోనని మళ్ళీ జేబులో పెట్టాను. పొద్దున డాక్టరు మాట్లాడినప్పుడు ఆఖరి చుట్ట సగంలో ఉంది, ఒక చేతిలో టార్చ్ మండుతూనే ఉంది. ఆయన మాట మెత్తగా ఉంది, మెత్తగా మాట్లాడే డాక్టర్లంటేనే నాకు భయం. మాస్కుతో ఇచ్చే ఆక్సిజన్ సరిపోవట్లేదట, మత్తిచ్చి వెంటిలేటర్ మీద పెడతారట, దానికి ముందు వీడియోలో మాట్లాడిస్తారట. మళ్ళీ లేస్తుందా అని అడిగాను. చాలామంది లేస్తారు, అందరూ లేవరు, నిజం దాస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను అన్నాడు. ఎప్పుడు అంటే, మధ్యాహ్నం దాటాక, ఐసీయూలో మంచం ఖాళీ అవగానే అన్నాడు. ఈ జనవరిలో అక్కడ మంచం ఎలా ఖాళీ అవుతుందో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, ఇద్దరం ఆ మాట తొక్కకుండా దాటేశాం. థాంక్యూ అన్నాను. ఎవరో పోతే నా భార్యకి చోటు వస్తుంది, దానికి థాంక్యూ చెప్పాను. ఆసుపత్రి గేటు దాకా పోయినా లోపలికి రానివ్వరు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంట్లో కూతురు అబిగేయిల్ లాప్‌టాప్ ముందు బడి పాఠాలు వింటూ ఉంటుంది, దాని ఎదురుగా ఈ మొహం పెట్టుకుని కూర్చోలేను. పొద్దున అది వాళ్ళమ్మకి వాయిస్ మెసేజ్ పంపింది, ఇంగ్లీషులోనే, ఇక్కడి యాసలోనే, అయామ్ గ్రాండ్, మామ్, డోంట్ బి వర్రీయింగ్ అని. దానికి పదమూడేళ్ళు. "అది నన్ను ఈ మాస్కుతో చూడొద్దండీ, మీరొక్కళ్ళే చూడండి," అని మార్తా నిన్న టైపు చేసి పంపింది. అందుకే టార్చ్ ఎత్తి మిగిలిన సగం చుట్ట కూడా అతికించాను. సగం కప్పిన డాబా వదిలిపోతే, రాత్రికి వాన, కింద వాళ్ళ పక్కలు తడుస్తాయి.

కింద ఉన్నది నర్సింగ్ హోమ్. ఆ మాట వింటే మనవైపు కాన్పుల ఆసుపత్రి గుర్తొస్తుంది, ఇక్కడ అలా కాదు, ఒంటరిగా బతకలేని ముసలివాళ్ళు ఆఖరి దాకా ఉండే ఇల్లు. పాత భవనానికి పెంకుల కప్పు, తర్వాత పక్కన చేర్చిన గదుల వరసకి మాత్రం చదును కప్పు, చెక్క మీద ఫెల్ట్. మేము ఈ దేశం వచ్చినప్పటి నుంచీ మార్తా ఇక్కడే నర్సు. ఈ డాబా కింద ఏ గది ఎక్కడుందో నేను కళ్ళతో చూసింది లేదు, అంతా ఆమె నోట విన్నదే. ఇదిగో ఇక్కడ మందుల గది. ఇక్కడ ఫాహీ గారు, ఒకప్పుడు పశువుల బేరగాడు, ఇప్పటికీ తెల్లారకముందే లేచి కూర్చుని సంతకి టైమైందంటాడు. ఇక్కడ, వరస మధ్యలో, రెండు చలికాలాలుగా కప్పు కారిన చోట, బ్రైడీ గది. బ్రైడీకి పళ్ళు లేవు, నోరు మాత్రం ఉంది, మార్తా తప్ప ఇంకెవరు అన్నం పెట్టినా ఉమ్మేస్తుంది. "మీ తారువాళ్ళని తీసుకురండి, నా బ్రైడీ మంచం మీద చుక్క పడతంది, నేను బకెట్ పెట్టలేక చస్తన్నా," అని మార్తా నా ప్రాణం తీసేది. డెక్లన్ వచ్చి చూసి హోము యజమానికి చెప్పాడు. వేసవి రానీ చూద్దాం అన్నాడాయన. వేసవిలో కారదు, కారనిదానికి ఎవరు చేయిస్తారు. క్రిస్మస్ ముందు తడిసిన సీలింగ్ పలక ఊడి పడితే, బ్రైడీని తీసుకెళ్ళి వరస చివరి గదిలో మిసెస్ కెన్నీ పక్కన మంచం వేశారు. మిసెస్ కెన్నీకి అప్పటికే దగ్గు. ఆవిడ పోయింది, బ్రైడీ జ్వరంపడి లేచింది, ఇద్దరికీ సేవ చేసిన నా భార్య పడిపోయింది. టీకా వేసేవాళ్ళు ఈ హోముకి వచ్చింది ఆమెని అంబులెన్సులో తీసుకుపోయిన మరుసటి వారం. ఇప్పుడు ఆ యజమాని ఫోన్ చేసి, లాక్‌డౌన్ అయినా అత్యవసర రిపేరు చేయొచ్చు కదా, దయచేసి రండి అన్నాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ మనిషిని ఒక్కసారి ఈ నిచ్చెన ఎక్కించి మాట్లాడాలని ఉంది, కానీ ఆయనకి కూడా పాజిటివ్ అట.

అంచుల వెంట ఒక చుట్టు తిరిగాను. కాపలా అంటే కూర్చుని చూడటం కాదు, కప్పు గోడకి తగిలే మూలల్లో, పొగగొట్టం చుట్టూ, అంచున బిగించిన చెక్క పట్టీ పొడవునా చేతి వెనకవైపు ఆనించి చూడాలి, వాసన చూడాలి. అరచెయ్యి మొద్దుబారిపోయి ఉంటుంది, దానికి ఏమీ తెలియదు. మార్తా జ్వరం చూసేది కూడా చేతి వెనకవైపుతోనే, థర్మామీటరు జేబులో ఉన్నా సరే. పెళ్ళైన కొత్తలో ఇదేం వైద్యం అని వెక్కిరిస్తే, "మిషను పెడితే పిల్లోడు ఏడుస్తాడండీ, చెయ్యి పెడితే ఊరుకుంటాడు," అంది. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసే అవసరం నాకు ఎప్పుడూ రాలేదు, ఆమెకి జబ్బు చేసే తీరిక ఉండేది కాదు. ఈ మధ్యనే వచ్చింది ఆ అవసరం, డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండా సోఫాలో ఒరిగిపోయినప్పుడు. ఒళ్ళు కాలిపోతోంది. అంతకు ముందు రోజే పోట్లాడాను. సెలవు పెట్టు అన్నాను, సగం మంది స్టాఫ్ పాజిటివ్ అంది. అయితే నీకేం, ఎవరో ఒకరు వస్తారులే అన్నాను. "ఆ ఎవరో ఒకరు నేనేనండీ, ఇంకెవరు లేరు," అంది. నీకొక కూతురుంది, నేనున్నాను, మేము గుర్తున్నామా అని ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాను. ఆమె బూట్ల తాళ్ళు బిగించుకుంటూ, "అరిచింది చాల్లే గానీ, బాక్సులో పచ్చడి పెట్టారా లేదా చెప్పండి," అంది. పెట్టాను. గోంగూర. అది తిని వెళ్ళి వాళ్ళ ఊపిరి పీల్చుకుంటూ రాత్రంతా కూర్చుంది.

జేబులో ఫోన్ టింగుమంటే గుండె జారి మోకాళ్ళలోకి వచ్చింది. చర్చి గ్రూపు. రత్నకుమారి ఆంటీ, మార్తా సిస్టర్ కొరకు గొలుసు ప్రార్థన, ఎవరు ఏ గంట తీసుకుంటారో పేర్లు పెట్టండి అని. ఇంకో టింగు, ఆమెన్. ఇంకో టింగు, చేతులు జోడించిన బొమ్మ. ఆ గ్రూపులో అరవై కుటుంబాలు ఉన్నాయి, అరవై మందీ ఆమెన్ అనేదాకా నా గుండె అరవైసార్లు జారాలి. మంచివాళ్ళే, మా గుమ్మం ముందు కూర గిన్నెలు పెట్టి పోయారు, నేనూ అబిగేయిల్ తలుపులు వేసుకుని ఉన్నన్నాళ్ళూ అన్నం వండుకున్న పాపాన పోలేదు. కానీ ఇప్పుడు మాత్రం నోరు మూసుకోండి తల్లీ, దేవుడికి ఒక్కసారి చెబితే వినపడుతుంది. గ్రూపు మోత ఆపేద్దామంటే చేతి తొడుగుతో తెర కదలదు, తొడుగు తీస్తే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ఆ కంగారులో మోతంతా ఆగిపోతే ఆసుపత్రి ఫోన్ కూడా వినపడదు. వద్దు, మోగనీ.

పైన ఆకాశంలో విమానం ఒక్కటీ లేదు. మామూలు రోజుల్లో ఈ వైపు నిమిషానికొకటి తల మీంచి పోయేది, టార్చ్ మోతలో కూడా వినపడేది. దోహాలో చేసినప్పుడూ అంతే, విమానాల కిందే పని. అక్కడ ఎండకే తారు మెత్తబడేది, టార్చ్ చూపిస్తే చాలు, ఇక్కడ సగం గ్యాసు తడి ఆరబెట్టడానికే పోతుంది. అక్కడ ఉన్నప్పుడే సంబంధం వచ్చింది, గుంటూరులో నర్సు, తండ్రి సువార్తికుడు, సైకిల్ మీద పల్లెలు తిరిగి వాక్యం చెబుతాడు. ఆ మామగారు, అబ్రహాము గారు, నన్ను పైనుంచి కిందికి చూసి, అబ్బాయి మొహంలో కోపం ఉంది గానీ కళ్ళలో లేదులే అన్నాడట. ఆ మాట పట్టుకుని మార్తా నన్ను పదిహేనేళ్ళు ఆడించింది, నేను అరిచినప్పుడల్లా దగ్గరికొచ్చి కళ్ళలోకి చూసేది, ఉందా లేదా అని. ఆమెకి ఇక్కడ ఉద్యోగం వస్తే నేను భార్య వెనకాల వచ్చాను, భర్త వీసా మీద. పెళ్ళాం కొంగు పట్టుకుని ఐర్లాండు పోయాడ్రా అని మావాళ్ళు నవ్వారు. నవ్వనీ. కొంగు గట్టిది కాబట్టి పట్టుకున్నాను. అది ఇప్పుడు చేతిలోంచి జారిపోతోంది, ఈ తారు మీద నిలబడి పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఏం మాట్లాడాలో అనుకుంటున్నాను. పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. ముందు ధైర్యంగా ఉండు అనాలి, కాదు, అది డాక్టర్లు చెప్పే మాట. అబిగేయిల్ బాగా తింటోంది అనాలి, అబద్ధమే, పరవాలేదు. ఆ రోజు అరిచినందుకు ఏమీ అనుకోకు అనాలా, అరిచింది ప్రేమతోనే అని ఆమెకి తెలియదా, తెలిసినా ఒకసారి నోటితో చెప్పాలి. నువ్వు లేకపోతే నాకు చేతకాదు అని చెప్పాలి. ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాట చెప్పలేదు, చెప్పాలని ఎప్పుడూ తోచలేదు, ఎందుకంటే ఆమె రోజూ ఉండేది. ఆ ఒక్కటి చెబితే చాలు, మిగతావన్నీ ఎగిరిపోయినా ఫర్వాలేదు. ఎదురుగా ఉన్నప్పుడు పచ్చడి గురించి మాట్లాడతాం, ఇంత మాట చెప్పడానికి తెర కావాల్సి వచ్చింది. కింద పూల మడిలో ఒకావిడ గొడుగు పట్టుకుని నిలబడి చివరి గది కిటికీతో మాట్లాడుతోంది. లోపలికి రానివ్వరు కాబట్టి అందరూ ఇలాగే, మట్టిలో నిలబడి అద్దంతో మాట్లాడతారు. ఆ గదిలో ఇప్పుడున్నది బ్రైడీయే, ఈవిడ కూతురని గొంతు పెంచి చెప్పే మాటల్ని బట్టి తెలుస్తోంది, కుక్క బాగుంది మమ్మీ, బొగ్గు తెచ్చాం మమ్మీ అంటోంది. లోపలి నుంచి ఏమీ వినపడటం లేదు. ఆవిడ అద్దం మీద చెయ్యి పెట్టి అలాగే ఉంది, వాన సన్నగా మొదలైంది.

ఇంకో చుట్టు తిరిగాను, చివరి గది మూల చెక్క పట్టీ కూడా తడిమాను, చల్లగానే ఉంది. గాలి తిరిగింది. ఫోన్ తడవకుండా పొగగొట్టం దిమ్మ చాటున చతికిలబడి, దిమ్మకి భుజం ఆనించి, మిగతా డాబాకి వీపు పెట్టి కూర్చున్నాను. అప్పుడు మోగింది.

తొడుగు పళ్ళతో లాగి పడేశాను. తెర మీద ముందు ఒక నర్సు, మొహానికి ప్లాస్టిక్ డాలు, ఏప్రాన్ మీద మార్కర్‌తో ఓర్లా అని రాసుకుంది, వేషం కింద మనిషి ఎవరో తెలియడానికి. "హలో జే, మార్తాని చూపిస్తున్నాను, మాట్లాడలేదు, కానీ అన్నీ వింటుంది," అంది ఇంగ్లీషులో, మెల్లగా. తెర ఊగింది, మంచం మీదికి ఎత్తి పట్టుకున్నట్టుంది, తెల్ల దుప్పటి, గొట్టాలు, తర్వాత నా మార్తా. మాస్కు మొహాన్ని సగం మింగేసింది, జుట్టు ఎవరో రెండు జడలు వేశారు, చిన్నపిల్లకి వేసినట్టు. కళ్ళు మాత్రం ఆమెవే. మార్తా, నేనే, అన్నాను. అనుకున్న మాటలన్నీ గాలికి పోయాయి. మీ హోము కప్పు అయిపోయింది మార్తా, ఇదిగో దాని మీదే కూర్చున్నాను, ఇక కారదు, బకెట్ తీసేయమని చెప్పు, అంటున్నాను, ఏం మాటలివి, ఇవా చెప్పాల్సినవి. ఆమె కళ్ళు నన్ను చూసి చిన్నవయ్యాయి, నవ్వుతోందని తెలిసింది. తర్వాత కళ్ళు నా మీద నుంచి జరిగాయి. కుడిచెయ్యి లేచింది, వేలికి తగిలించిన క్లిప్పుతో సహా, చూపుడువేలు పైకి చూపించింది.

అబ్రహాము గారు పోయే రోజున మాట పడిపోయాక ఇలాగే వేలు పైకెత్తి చూపించాడు, పరలోకం చూస్తున్నాడు, ప్రభువు పిలుస్తున్నాడు అని మంచం చుట్టూ ఉన్నవాళ్ళంతా పాటలు ఎత్తుకున్నారు, ఆ సాక్ష్యాన్ని గుంటూరు నుంచి డబ్లిన్ దాకా ఎన్ని కూటాల్లో చెప్పుకున్నామో లెక్కలేదు. మార్తాయే చెప్పేది, కళ్ళనీళ్ళతో, సంతోషంగా. ఆ వేలే ఇది. "దించు," అన్నాను. "చెయ్యి దించు ముందు. మీ నాన్న ముసలాయన, ఆయన లెక్క వేరు. నువ్వు ఎక్కడికీ పోవట్లేదు." ఆమె తల అడ్డంగా ఊపింది, వేలు ఇంకా గట్టిగా పొడిచినట్టు చూపించింది. మొండిది, చావులో కూడా మొండిదే. "నన్ను అడక్కుండా ఎలా పోతావే," అని ఏడ్చాను, ఆ డాబా మీద, కింద అద్దంతో మాట్లాడే ఆవిడకి వినపడేంతగా. ఆమె రెండో చెయ్యి కూడా ఎత్తి ఊపుతోంది, ప్రార్థన చెయ్యమంటోంది కాబోలు అనుకున్నాను, ఇంకేమనుకుంటాను, పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్నది అదొక్కటే. కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, నీ దాసురాలు మార్తాని, అని మొదలుపెట్టాను, చర్చిలో చేసినట్టే, వరసగా, వంశావళితో సహా, ఆయనకి తెలియనట్టు అన్నీ వివరించి చెబుతూ. ఎంతసేపు చేశానో తెలియదు. ఆమెకి మిగిలిన సమయమంతా కళ్ళు మూసుకుని ఖర్చుపెట్టాను.

"జే," అని ఎవరో పిలుస్తున్నారు. "జే, ఓపెన్ యువర్ ఐస్. షీ ఈజ్ పాయింటింగ్ బిహైండ్ యు."

వెనక్కి తిరిగాను. చివరి గది మూల, చెక్క పట్టీ పైనుంచి పొగ, సన్నగా కాదు, పసుపుగా, మెలికలు తిరుగుతూ. ఫోన్ ఎక్కడ పడేశానో తెలియదు. పరిగెత్తాను. పట్టీ ఇప్పుడు చెయ్యి పెట్టనివ్వడం లేదు. సుత్తి వెనకవైపు కొక్కేన్ని సందులో దోపి లాగితే చెక్క ఊడింది, లోపల కాకిగూడు, ఇక్కడి చిన్న కాకులు చూరు సందుల్లో ఏళ్ళ తరబడి పేర్చిన పుల్లలు, ఉన్ని, గడ్డి, మధ్యలో ఎర్రగా కళ్ళు తెరిచింది. గాలి తగలగానే భగ్గుమంది. మంటలార్పే సిలిండర్ పిన్ను తడి వేళ్ళకి జారుతోంది, మళ్ళీ పళ్ళతోనే లాగాను, తెల్లటి నురగ మొత్తం ఆ రంధ్రంలోకి కొట్టాను. అయినా లోపల ఎడమవైపు పలకల్లోకి పాకుతోంది, ఇంకో పట్టీ లాగాను, చేత్తో గూడు పెకలించి ఇవతల పడేశాను, బకెట్ నీళ్ళు కుమ్మరించాను. "ఈజ్ దట్ స్మోక్?" అంటోంది కింద బ్రైడీ కూతురు. అవునమ్మా, లోపలికి చెప్పండి, ఆ గదిలోంచి మంచాలు బయటికి తీసుకుపొమ్మనండి, అన్నాను, తెలుగులో అన్నానో ఇంగ్లీషులో అన్నానో, ఆవిడ మాత్రం గొడుగు పారేసి తలుపు వైపు పరిగెత్తింది. పలకలు ఒక్కొక్కటీ పీకాను, నల్లగా మారినవి, నల్లగా మారబోతున్నవి. ఆఖరికి పొగ తెల్లబడింది, తర్వాత ఆవిరి, తర్వాత తడి చెక్క వాసన.

ఫోన్ ఫెల్ట్ మీద వెల్లకిలా పడి ఉంది, తెర మీద వాన చుక్కలు. కాల్ తెగలేదు. తుడిచి చూస్తే ఓర్లా ఒక్కతే, వెనక మంచం ఉన్న చోట ఏమీ లేదు. "తీసుకెళ్ళారు జే," అంది. "ఆక్సిజన్ అంకెలు పడిపోతుంటే ఇక ఆగలేకపోయారు. తనే ఆపింది కాసేపు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అది ఆరిందా లేదా అని అడుగుతోందని అర్థమైంది నాకు. నాకేమో ఇక్కడ ఆకాశం తప్ప ఏమీ కనపడటం లేదు. ఆరిపోయింది, అందరూ క్షేమం అని చెప్పేశాను. అప్పుడు వదిలింది." తెర దగ్గరికి వంగి, "తప్పు చేశానా?" అంది.

ఓర్లా ఆరిపోయిందని చెప్పేసరికి నేను కాకిగూడులో చెయ్యి పెట్టి ఉన్నాను, నిప్పు నా ఎడమపక్కన పాకుతోంది. ఆ పలకల కింద బ్రైడీ ఉంది. నా భార్య ఆఖరి మెలకువంతా బ్రైడీకి ఇచ్చేసింది, నాకు ఒక చిన్న నవ్వు, అంతే. కోపం వచ్చింది, ఎంత కోపమంటే, ఎదురుగా ఉంటే మళ్ళీ అరిచేవాణ్ణి. నేను చెప్పాలనుకున్న ఆ ఒక్క మాట నా దగ్గరే ఉండిపోయింది. అది ఎప్పుడైనా చెప్పగలనో లేదో ఆ మెత్తటి డాక్టరుకి కూడా తెలియదు. తప్పేం లేదు సిస్టర్, మంచి పని చేశావు అన్నాను ఓర్లాతో. ఆవిడ ఏడుస్తూ పెట్టేసింది.

డెక్లన్‌కి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను, మార్తా సంగతి కూడా చెప్పాను. "వెళ్ళిపో జే, పాప దగ్గరికి వెళ్ళు, నేను వచ్చి కూర్చుంటాను," అన్నాడు. నిప్పు బయటపడితే గంట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అది ఈ పనిలో రూలు. వద్దు, నేనే ఉంటాను అన్నాను. ఎందుకు అన్నాడు. ఇంగ్లీషులో చెప్పడం చేతకాలేదు. మార్తా ఒక మాట నమ్మి కళ్ళు మూసుకుంది, నమ్మినప్పుడు అది అబద్ధం. ఈ గంట గడిచి, పలకలన్నీ చల్లబడితే గానీ నిజం కాదు. ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టలేను. ఊడిన చెక్కలు పక్కకి నెట్టి, నల్లటి రంధ్రానికి ఎదురుగా కూర్చున్నాను.